గాబులో చేపపిల్లలు

నా చిన్నప్పుడు, ఇంకా తెల్లదొరల పాలన నడుస్తున్న రోజుల్లో, కొల్లేటి ఒడ్డున మా ఇంటి వెనక ఒక చిన్న చెరువుండేది. దాని నిండా కొరమీనులే. ఆ ఏడు మా అక్క తాడేపల్లిగూడెం నుంచి పురిటికి వచ్చింది. ఒంట్లో నెత్తురు లేక మనిషి తెల్లగా పాలిపోయింది. మార్పులని మీసాల చేపలుంటాయి, వాటి పులుసు పెడితే నెత్తురు పడుతుందని మా నాయనమ్మ నమ్మకం. వేలెడంత మార్పు పిల్లల్ని ఇరవై దాకా తెప్పించి పెరట్లో గాబులో వేసింది. జానెడయ్యాక చెరువులో వదులుదామని, అందాకా రోజూ తవుడు వేసి నీళ్లు మార్చే పని నాదని చెప్పింది.

వారం రోజులు బుద్ధిగానే చేశాను. తరవాత విసుగు పుట్టింది. నేను నీళ్లు తోడుతుంటే వీధిలో నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్నారు. ఇంత చెరువుండగా ఈ గాబు చాకిరీ ఏమిటనిపించింది. ఒక సాయంత్రం వాటన్నిటినీ బిందెలోకి ఎత్తి, చెరువులో కుమ్మరించి, ఆటకు పోయాను. నాయనమ్మ అడిగితే, పిల్లి తిన్నట్టుందని అబద్ధమాడాను. ఆవిడ ఖాళీ గాబు చూసింది, తడిసిన నా పరికిణీ అంచు చూసింది.

మర్నాడు పొద్దున్నే గాలానికి కప్పను గుచ్చి చెరువులో ఒక కొరమీనును పట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దాని పొట్ట కోసింది. లోపల మూడు మార్పు పిల్లలున్నాయి, మీసాలతో సహా. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"జానెడుంటే ఇది మింగలేకపోయేదమ్మా. అందాకా చూసుకుంటావనే నీకప్పజెప్పాను," అంది. అంతే.

మధ్యాహ్నం ఆ కొరమీనునే పులుసు పెట్టి అక్కకు వడ్డిస్తూ, "చెల్లి నీకోసం దగ్గరుండి పట్టించిందే," అని చెప్పింది. అక్క పొంగిపోయి మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. అది నాకు గొంతు దిగలేదు. నాయనమ్మ నావైపు చూడనైనా లేదు. రెండు తగిలించి ఉంటే ఆ రోజుతోనే మరిచిపోయేదాన్నేమో.

కాన్పు గండం గడిచింది గానీ, అక్క మంచం దిగడానికి మూడు నెలలు పట్టింది. అదంతా నా వల్లేనని కుమిలిపోయాను. ముసలిదయ్యాక కూడా అక్క ఇంటికొచ్చినవాళ్లందరికీ, "నా పురిటికి కొరమీను పట్టించిందండీ మా చెల్లి," అని మురిసిపోతూ చెప్పుకునేది. పక్కనే కూర్చుని నేను తల వంచుకునేదాన్ని. నిజం ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ మా ఇంట్లో కొరమీను పులుసు వండితే, మొదటి ముద్ద నాకు గొంతు దిగదు.