తొట్టిలో మునిగిన పల్లిగింజ

ఈ సాయంత్రం హైదరాబాద్‌లో నా గదిలో ఒక్కదాన్నే కూర్చుని, ఊరి నుంచి వచ్చిన పల్లికాయ ఒలుస్తుంటే బొటనవేలు మండింది. విత్తనానికి బుట్టలకొద్దీ కాయ ఒలిచిన చేతులు మనవి. ఆ మంట గుర్తుందా మీకు?

ధరూర్ దగ్గర మా ఊళ్లో నేవీ ఉద్యోగం మా చిన్నాయన ఒక్కడిదే. సెలవుకు వస్తే మాతోపాటు కాయ ఒలుస్తూ, పశువుల నీళ్లతొట్టిలో తొక్క డిప్పలు వదిలి నాకు యుద్ధనౌకలు చూపించేవాడు. ఒక్క గింజ పట్టే డిప్ప కార్వెట్, అన్నిటికన్నా చిన్నది. రెండు గింజలది ఫ్రిగేట్. మూడు గింజలు పడితే డిస్ట్రాయర్. మరి విమానాలు మోసే ఓడ ఏదంటే, గింజలతో సహా చాటనే తెచ్చి నీళ్లమీద పెట్టాడు.

"మీ ఓడలు మన్నుబడ! చాట నీళ్లల్ల ఏస్తరా ఎవరన్న?" అని నాయనమ్మ అరిచింది.

"నువ్వు దేంట్ల ఉంటవు చిన్నాయినా?" అని అడిగాను.

ఆయన ఒక గింజ తీసి తొట్టిలో వేశాడు. అది అడుక్కి పోయింది.

"గిది సబ్‌మెరైన్. నేను గిండ్ల ఉంట. పైన పోయే ఓడలకు ఒడ్డుమీద మంది చేతులూపుతరు బిడ్డా. మేం కింద పోతున్నమని ఎవ్వరికి తెల్వదు."

నేను సరిగ్గా వినలేదు. చాటను తోసుకుంటూ తొట్టి చుట్టూ తిరుగుతున్నాను.

చిన్నాయన పోయి ఏడాదయింది. ఇందాక గ్లాసు నీళ్లలో ఒక గింజ వేశాను. అడుక్కి పోయింది.

గదిలో ఎవరూ లేరు. గ్లాసు వైపు చెయ్యి ఊపాను.