బండి చాటున తుపాకి

జింకకు మా బండి అంటే భయం లేదు. అదే మా కొంప ముంచింది.

తుపాకి పట్టుకున్న మనిషి కాలినడకన వస్తుంటే జింకలు ఎంతో దూరం నుంచే పసిగట్టి పరుగందుకుంటాయి. అదే ఎద్దుల బండి పోతూ ఉంటే, దాని పక్కన గంప నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి నడుస్తూ ఉంటే, అవి తల కూడా తిప్పవు. రోజూ చూసేదే కదా. చేలకు పోయేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, సద్దిమూట మోసుకుపోయేవాళ్లు. వీళ్లతో తమకు ప్రమాదం లేదని వాటికి తెలుసు. ఈ సంగతి కనిపెట్టింది మా మామ. కనిపెట్టినవాడు కడుపులో దాచుకున్నా బాగుండేది. దొర ముందు గొప్పలకు పోయి చెప్పాడు. బండి చాటున వంగి నడిస్తే నల్ల ఇర్రిని, అంటే ఈడొచ్చి వీపు నల్లబడిన మగజింకను, రాయి విసిరినంత దూరం నుంచి కొట్టవచ్చని చెప్పాడు. ఆ రోజు నుంచి దొర ఆయనను పేరు పెట్టి పిలవడం మానేసి 'షికారీ' అనడం మొదలుపెట్టాడు. ముసలాయనకు ఆ పిలుపు చెవిలో తేనె పోసినట్టు ఉండేది. నాకు ఒళ్లు మండేది.

నేను మేళ్లచెరువు నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చాను. సూర్యాపేట నుంచి కోదాడ పోయే సడకు దిగి మఠంపల్లి దిక్కుగా ఒక పూట నడిస్తే మా ఊరు. అత్త లేదు. నా పెనిమిటి సూర్యాపేట గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, బస్తాలు మోసేవాడు, పదిహేను రోజులకో నెలకో ఒకసారి వచ్చి ముఖం చూపించి పోయేవాడు. ఇంట్లో నేను, మామ, ఎనిమిది నెలల ఆడపిల్ల. మిర్యాలగూడ సంతలో కొన్న రెండు ఎడ్లు, ఒక బండి, నాలుగెకరాల చెలక. చెలకంటే నల్లరేగడి కాదు, నాలుగు రోజులు తడి ఆపుకునే నేల కాదు. ఎర్రటి గరప నేల. వాన పడ్డాక రెండు రోజుల్లో విత్తితే విత్తినట్టు, లేకపోతే లేదు.

దొర మనుషులు సర్కారుకు కట్టే లెవీ పేరు మీద ధాన్యమంతా ఊడ్చుకుపోయిన ఏడు అది. కుండెడు పచ్చజొన్న విత్తనాలు మాత్రం పిడకల కింద దాచి కాపాడుకున్నాను. ఆకలికి ఆగలేక రెండుసార్లు కుండ మూత తీశాను. రెండుసార్లూ నన్ను నేనే తిట్టుకుని మూసేశాను. ఆ గింజలు మొలిస్తేనే మాకు ఏడాది గాసం, నా పిల్లకు పాలు.

మృగశిర కార్తెలో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. తెల్లారేసరికి నేల మెత్తగా, బెల్లం ముద్దలా ఉంది. మామ గొర్రు భుజానికెత్తుకున్నాడు. విత్తే పనికి ఇద్దరు కావాలి. మగవాడు గొర్రు పట్టి ఎడ్లను తోలతాడు. ఆడది వెంట నడుస్తూ గొర్రు మీద ఉండే జడ్డిగంలో, అంటే ఆ చెక్క గిన్నెలో, పిడికిలితో గింజలు వదులుతుంది. నేను ఒడిలో విత్తనాలు కట్టుకుని గడప దాటానో లేదో, దొర ఉండే గడి నుంచి సుంకరి, అంటే దొర కబుర్లు మోసే ఊరి నౌకరు, వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"దొర సుట్టం పట్నం నుంచి షికారుకు వచ్చిండు. బండి గట్టుకొని రమ్మన్నడు. ఆడమనిషి గూడ కావాలె, గంప ఎత్తుకొని నడువనీకి."

మామ గొర్రు దించాడు.

"రెండు రోజులు ఆగమను. చెలక ఆరిపోతది," అన్నాను నేను.

"దొరను ఆగమని నేను జెప్పాల్నా? నా వీపు సిట్లిపోతది," అన్నాడు సుంకరి. "ఆడమనిషి ఉంటె జింక అనుమానపడదని జెప్పింది ఎవరో కాదు, మీ మామనే."

మామ వైపు చూశాను. ఆయన తలపాగా సర్దుకుంటున్నాడు. దొర పిలిస్తే పోక తప్పదని నాకూ తెలుసు. వెట్టి అంటే ఏమిటో మా ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కాని పోక తప్పక పోవడం వేరు, తలపాగా సర్దుకుని పోవడం వేరు. ఆ తలపాగా లాగి బావిలో పారేయాలనిపించింది. పిల్లను పక్కింటి వితంతువు చేతుల్లో పెట్టి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నడిచాను.

చుట్టం టోపీ, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని దొరతో కలిసి వచ్చాడు. చెడ్డవాడిలా కనిపించలేదు, అది కూడా చెప్పాలి. ఎండ ఎక్కువైతే నన్ను నీడకు నిలబడమన్నాడు. మొదటి రోజు పొద్దున జింకలు దొరకలేదు. మధ్యాహ్నం తుమ్మచెట్ల కింద కూర్చుని, జేబులోంచి ఒక ఫోటో తీసి దొరకు చూపించాడు. దొర దాన్ని మామకిచ్చాడు. మామ భుజం మీది నుంచి నేనూ చూశాను. ఆఫ్రికా అనే దేశమట. అక్కడి మైదానాల్లో చారల గుర్రాలు, మెలికల కొమ్ముల జంతువులు మందలు మందలుగా తిరుగుతాయట. చచ్చిన ఒక పెద్ద కొమ్ముల జంతువు పక్కన ఈ టోపీ మనిషి మోకాలు మడిచి కూర్చుని ఉన్నాడు. వెనకాల ఐదారుగురు నల్లటి మనుషులు, ఒంటి మీద చొక్కాలు లేకుండా నిలబడి ఉన్నారు.

"ఆడ దారి సూపినోనికి రోజు కూలి ఇయ్యాలంట," అని దొర నవ్వాడు. "మన షికారి అడుగడు. అడుగుతవారా?"

"బాంచెన్ దొరా, నేనెందుకు అడుగుత," అని మామ కూడా నవ్వాడు.

నేను ఫోటోలోని మనుషులను చూశాను. వాళ్లలో ఒక్కడూ నవ్వడం లేదు. కూలి ఇస్తే ఇచ్చి ఉంటారు, సరే. ఆ రోజు వాళ్ల చేలు ఎవరు విత్తారో అనుకున్నాను. వాళ్ల దేశంలో వాన ఎప్పుడు పడుతుందో నాకేం తెలుసు. కాని పెద్దవాళ్లకు వేట బుద్ధి పుట్టే రోజూ, పేదవాడికి చేలో పని పడే రోజూ ఎక్కడైనా ఒకటే అయి ఉంటుందని మాత్రం అనిపించింది.

ఎండ తగ్గుతుండగా మంద కనబడింది. మామ నొగ మీద కూర్చుని ఎడ్లను నెమ్మదిగా, పక్కకు పోతున్నట్టు తోలాడు. నేను బండికి ఈ పక్కన. చుట్టం ఆ పక్కన, చక్రం చాటున నడుం వంచుకుని. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. గంప పట్టుకున్న చెయ్యి దించడానికి లేదు. మందలో నల్ల ఇర్రి తలెత్తి నన్ను చూసింది. నేను గంప మోసే మనిషినే కదా. అది తల దించి మళ్లీ గడ్డి కొరుక్కుంది. అప్పుడు తుపాకి పేలింది.

గుండు వెనక కాలికి తగిలింది. ఇర్రి కుంటుకుంటూ లేచి పొదల్లోకి దూరిపోయింది. మంద మాయమైంది.

"ఇగ ఇంటికి పోదాం మామా," అన్నాను. "రాత్రికి జర పండి లేస్తే రేపు పొద్దుగాల రెండెకరాలన్న పడ్తది."

"గాయం తాకిన జీవిని ఇడిసిపెట్టొద్దు బిడ్డా. పాపం తగుల్తది."

"మరి ఇంట్ల ఉన్నది జీవి గాదా?"

ఆయన విననట్టు నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ పోయాడు. చుట్టానికి కొమ్ములు కావాలి. ఆ కొమ్ముల కోసం రెండో రోజంతా బండితో తిరిగాం. మూడో రోజు కృష్ణ ఒడ్డు దిక్కున రాళ్ల మధ్య ఇర్రి కళేబరం దొరికింది. నక్కలు సగం తినిపోయాయి. కొమ్ములు కోసుకున్నారు. "శభాష్ షికారీ," అని చుట్టం మామ భుజం తట్టాడు. మూడు రోజుల నా అదును, నా పిల్ల ఏడుపు, అన్నిటికీ కలిపి మాకు దక్కింది ఆ ఒక్క తట్టు. ముసలాయన ముఖం వెలిగిపోయింది.

నాలుగో రోజు చేలో వేలు గుచ్చి చూశాను. వేలు మొత్తం దిగినా పొడి దుమ్మే. మామ మొండిగా గొర్రు కట్టాడు. నేను గింజలు వదిలాను. వదులుతున్న ప్రతి పిడికిలికీ అవి దండగే అని తెలుసు. కొన్ని చీమలు మోసుకుపోయాయి, కొన్ని పిట్టలు తిన్నాయి, మొలిచినవి పది రోజుల్లో మాడిపోయాయి. తర్వాతి వాన ఇరవై రోజులకు గాని పడలేదు. అప్పటికి కుండలో గింజ లేదు.

"ఆ శభాష్ ను ఉడకబెట్టుకొని తిందామా మామా?" అని అడిగాను.

ఆయన లేచి బయటికి పోయాడు. పెనిమిటి తెచ్చే కూలి తౌడు కొనడానికే సరిపోయేది. తౌడు, ఆకులు తిని ఒంట్లో పాలు ఎట్లా నిలుస్తాయి? దసరా నాటికి నాకు చుక్క పాలు లేవు. పిల్ల ఎముకలు తేలి, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టయింది. మేళ్లచెరువులో మా అమ్మకు పాడి గేదె ఉంది. పిల్లను తీసుకుపోయి అక్కడ దించి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. పంట చేతికొచ్చిన రోజు తీసుకుపోతానని మా అమ్మకు చెప్పాను.

ఆ మరుసటి ఏడు ఊళ్లు తగలబడుతున్న ఏడు. విత్తింది లేదు, కోసింది లేదు. బాట వెంట నడవాలంటే భయం. బిడ్డను రెండుసార్లే చూడగలిగాను. వానాకాలం వెళ్లేటప్పుడు యూనియన్ మిలిటరీ వచ్చింది. దొర రాత్రికి రాత్రి పట్నం పారిపోయాడు. గడి తలుపులు బార్లా తెరిచి ఉంటే జనం లోపలికి పోయి చూసి వచ్చారు. ఇక వెట్టి లేదని ఊరంతా కూడి కేకలు వేస్తే, అందులో మా మామ గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది. నాకు ఆ రోజు ఆయన మీద కోపం కొంచెం తగ్గింది కూడా.

మళ్లీ మృగశిర వచ్చింది. మళ్లీ వాన పడింది. విత్తనాలు ఈసారి మా అమ్మ పంపింది. మామ గొర్రు భుజానికెత్తుకున్నాడు, నేను ఒడి కట్టుకున్నాను. వాకిట్లో జీపు ఆగింది. కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు, కోదాడ అవతలి కోస్తా మనిషి, దిగి చేతులు జోడించాడు.

"పెద్దాయనా, ఈ చుట్టుపక్కల జింకల జాడ మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని చెప్పారు. మీకు వీలైతేనే రండి. బలవంతం ఏమీ లేదు. కాదంటే ఇంకో ఊరు చూసుకుంటాం."

మామ గొర్రు దించాడు.

నేను దగ్గరికి పోయి అన్నాను: "మామా, వీలైతేనే అన్నడు. వీలు గాదని జెప్పు. గంతే. ఎవ్వడు కొట్టడు."

"ఒక్క పూటే బిడ్డా. అంత పెద్దసారు మన వాకిట్లకు వచ్చి అడిగిండు. కాదంటె ఏం బాగుంటది?"

దొర పిలిచినప్పుడు భయమని అనుకున్నాను. భయానికి మందు లేదని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఏం భయం? కొరడా లేదు, గడి లేదు. ఆ మనిషికి పొగడ్త కావాలి, అంతే. నా పిల్ల ఊపిరి కంటే ఆయనకు అదే ఎక్కువ.

"బండి ఇయ్య. ఎడ్లు ఇయ్య. నువ్వు పోతె పో," అన్నాను.

ఆయన జీపెక్కాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మోటారెక్కాడేమో, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ముడుచుకుని కూర్చున్నాడు. నాకు జాలి వేయలేదు.

పక్కింటి వితంతువును పిలిచి విత్తనాల ఒడి ఆమెకు కట్టాను. గొర్రు నేను పట్టాను. మా దిక్కున ఆడది గొర్రు పట్టడం ఎవరూ చూడలేదు. గట్టు మీద నలుగురు మగవాళ్లు చేరారు.

"ఆడిది గొర్రు వడితె వానలు వడయి," అన్నాడు ఒకడు.

"ఇన్నేండ్లు మీరే వట్టిండ్రు గద. ఏం వడ్డయి?" అన్నాను.

సాళ్లు వంకరటింకరగా పోయాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎడ్లు నా గొంతుకు అలవాటు పడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడు మామ కాలినడకన వచ్చాడు. జీపు మోతకు ఒక్క జింకా నిలవలేదట. ఆఫీసరు విసుక్కుని ఆయనను సడకు దగ్గరే దింపి పోయాడట. గట్టు దిగి వచ్చి గొర్రు కోసం చెయ్యి చాపాడు. నేను వదల్లేదు.

"ఆమెకు చెయ్యి నొస్తది. జడ్డిగం వట్టు," అన్నాను.

గట్టు మీద మగవాళ్లు ఇంకా ఉన్నారు. ఆయన వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. ఒడి విప్పించి తన నడుముకు కట్టుకున్నాడు. పొద్దు వాలే దాకా నా వెనక నడుస్తూ గింజలు వదిలాడు.

జొన్న పండింది. గంపలు ఇంట్లో దించిన మర్నాడే బండి కట్టించాను. మామే తోలాడు. మేళ్లచెరువులో మా అమ్మ వాకిట్లో మూడేళ్లు నిండబోతున్న పిల్ల బొద్దుగా, జుట్టుకు నూనె పెట్టుకుని ఆడుకుంటోంది. నేను బండి దిగి చేతులు చాపాను. అది పరుగెత్తి మా అమ్మ కొంగు వెనక దాక్కుంది.

"అమ్మా, గీమె ఎవరే?" అని మా అమ్మను అడిగింది.

మామ ఎడ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మోకు ముడి విప్పుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఇన్నవా మామా," అన్నాను.

ఆయన విన్నాడు. తల ఎత్తలేదు.