నల్లదారం సూది

ప్రతి ఉదయం ముఖం కడుక్కోగానే ఊలక్క చేసే మొదటి పని వంటింటి కిటికీ దగ్గర నిలబడి సన్నసూదిలో నల్లదారం ఎక్కించడం. పొయ్యి వెలిగించడమైనా ఆ తర్వాతే. దారం మొదటిసారికే ఎక్కితే "దేవుడా, నా కళ్ళు ఇంకా ఉంచావు" అనేది. ఎక్కకపోతే "దేవుడా, నాకు ఓపిక నేర్పుతున్నావు" అనేది. ఎక్కినా ఎక్కకపోయినా ఆయనకు రావలసిన దణ్ణం ఆయనకు ముట్టేది. దారం ఎక్కిన సూదిని కిటికీ పక్కన వేలాడే చిన్న గుడ్డదిండుకు గుచ్చి, అప్పుడు టీ నీళ్ళు పెట్టుకునేది.

అసలు పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు మా మేడలో ఎవరూ లేరు. చంకలో ఊలుఉండ లేకుండా ఆమెను చూసినవాళ్ళూ లేరు. వయసులో ఉన్నప్పుడు నూలుమిల్లులో తెగిన దారాలు అతికేది. యంత్రం తిరుగుతుండగానే, ముడి వేయకుండా, రెండు కొసలూ వేళ్ళమధ్య నులిమి ఒకటి చేసే పని. నిలబడి నిలబడి మోకాళ్ళు మొరాయించాక పని మానేసింది కానీ వేళ్ళు మానలేదు. మిల్లు విశ్రాంతి గదిలో భోజనాల వేళ ఒక పొడుగొదిన క్రోషా అల్లుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అప్పుడు అక్కరకొచ్చింది. మొదట తొడుగులు అల్లింది. నీళ్ళ కూజాకు తొడుగు, టీవీకి తొడుగు, ఇస్త్రీపెట్టెకు తొడుగు. రొట్టెల బట్టీలో పనిచేసే వాళ్ళాయన ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు. అడిగితే, "కదలకుండా కూర్చున్నానంటే నాకూ తొడుగేస్తుందమ్మా" అనేవాడు.

కింద వాటాలో పసిదానికి పళ్ళొస్తూ ఏడుపు ఆగకపోతే, ఒకనాడు ఊలుతో పిడికిలంత బాతుపిల్లను అల్లి చేతికిచ్చింది. ఆ బాతు నోట్లో నాని, ఉతుకుళ్ళు తిని, రంగు మాత్రం వదల్లేదు. దాన్ని మిల్లువాళ్ళ పసిపిల్లల కేంద్రంలో పెద్ద టీచరు చూసింది.

"ఇలాంటి ఊలుబొమ్మల్ని జపాన్‌లో అమిగురుమి అంటారు, తెలుసా?" అందట.

"పేరు బారెడుంది టీచర్, బొమ్మేమో పిడికిలంతే" అంది ఊలక్క.

ఏడాది చివర వేసవి సెలవులొచ్చే ముందు ఆ కేంద్రం హాలును అలంకరిస్తారు. సెలవులిచ్చే రోజున ఒక్కో పిల్లకూ ఒక్కో అలంకారం విప్పి ఇచ్చి ఇంటికి పంపుతారు. అప్పటిదాకా తళతళలాడే ప్లాస్టిక్ కాయలు కట్టేవాళ్ళు. పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఆ తళుకంతా పెదాలకే. ఈసారి అన్నీ ఊలు బొమ్మలే కడదామని పెద్ద టీచరు అనగానే, సామాన్లు చూసే స్టోరు సారు నడుముకున్న తాళాలగుత్తి గలగలలాడించాడు.

"షాపువాడైతే గ్యారంటీ ఇస్తాడు. ఈమెకు గ్యారంటీ ఎవరండీ?"

"నేనే సార్" అంది ఊలక్క.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. తన పిల్లలిద్దరూ పాలు తాగే వయసులో ఆ హాల్లోనే పెరిగారు. ఈమె యంత్రాల దగ్గర నిలబడితే, అక్కడి ఆయాలు వాళ్ళ ముక్కులు తుడిచి, జోకొట్టి నిద్రపుచ్చారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆ కప్పు కింద తన చేతిపని వేలాడాలని, ఇప్పటి తల్లులు తలెత్తి చూడాలని ఆమె ఆశ. అంతకు మించి ఆమె దేవుణ్ణి అడిగిందీ లేదు.

చలికాలమంతా అల్లింది. బాతులు, నత్తలు, బేరిపళ్ళు, నెలవంకలు, బుగ్గలున్న మబ్బులు. లోపలి దూది కనపడకుండా అల్లిక బిగువుగా ఉండాలని కొక్కెం పట్టిన వేలు కాయకాచేలా అల్లింది. కళ్ళకు పూసలు పెడితే ఊడి పసివాళ్ళ గొంతులో పడతాయని, ప్రతి కన్నూ నల్లదారంతోనే కుట్టింది. దేనికైనా కళ్ళు ముందు కుట్టి, తర్వాత దూది కూరి, ఆఖరున మొద్దుసూదితో మూసేయడం ఆమె పద్ధతి. మూసిన తర్వాత బొమ్మ లోపల ఏముందో అల్లినదానికీ కనపడదు.

అన్నీ పూర్తిచేసి బుట్టకెత్తి, సాయంత్రం కేంద్రంలో అప్పగించి వచ్చింది. మర్నాడు ఉదయం అలవాటు ప్రకారం కిటికీ దగ్గరకెళ్ళి గుడ్డదిండు తడిమింది. సూది లేదు.

గట్టు వెతికింది. చాప దులిపింది. చీపురుతో గదంతా ఊడ్చి, ఆ దుమ్ములో వేలు పెట్టి చూసింది. అప్పుడే బట్టీనుంచి కనుబొమలకు పిండితో వాళ్ళాయన వచ్చాడు.

"సూదేగా, పోతే ఇంకోటి తెస్తాలే" అన్నాడు.

"పోయినందుకు కాదయ్యా దిగులు. అదెక్కడుందో తెలిసినందుకు."

అప్పటికి ఆమెకు అంతా గుర్తొచ్చింది. నిన్న ఆఖరి నత్తకు ఆఖరి కన్ను కుట్టి దారం తెంపగానే పైవాటా తాత కేకేశాడు. నీళ్ళక్యాను ఎత్తలేక నడుము పట్టేసిందట. సూది కిందపడితే ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని పక్కనున్న దూదికుప్పలో గుచ్చి, పైకి పరుగెత్తింది. తాత నడుముకు కాపడం పెట్టి, నీళ్ళు వంచిపెట్టి, కిందికొచ్చి, మళ్ళీ ఆ దూదినే తీసి మిగిలిన బొమ్మల్లో కూరింది. కళ్ళ పని అయిపోయింది కాబట్టి సన్నసూదితో పని పడలేదు. ఏ బొమ్మలో కూరిందో తెలియదు. అన్నీ ఒకే బుట్టలో కలిసిపోయాయి.

వాళ్ళాయన కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వెళ్ళి చెబితే ఆ స్టోరు సారు బుట్టంతా చెత్తలో పోయిస్తాడే. నీ చలికాలమంతా బూడిదపాలు."

"పోయించనీ. ఒక్క పసివేలుకు గుచ్చుకుందంటే ఈ చేతుల్ని నేనేం చేసుకోను? లే, బండి తియ్."

ఆమె మోకాళ్ళకు అంత తొందర నడక చేతకాదు. రొట్టెలు వేసే మూడుచక్రాల బండిలో, వెచ్చటి రొట్టెల పళ్ళేల పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆయన తొక్కుతుంటే వీధిలో వాళ్ళంతా నవ్వు ఆపుకోలేకపోయారు. మలుపులో రేడియోలు, మైకులు బాగుచేసే బాబాయి షట్టరు ఎత్తుతున్నాడు.

"ఏంటమ్మాయ్, ఇవాళ రొట్టెలతో పాటు నువ్వూ డెలివరీనా?"

"నవ్వకు బాబాయ్, కొంప మునిగింది" అని సంగతంతా చెప్పింది.

రోజూ ఆమె మెట్టుమీద కూర్చుని అల్లుకుంటుంటే తన దుకాణం దీపాన్ని కాస్త అటు తిప్పి పెట్టే మనిషి ఆయన. ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాడు. దించేముందు లోపలినుంచి ఒక బరువైన నల్లటి చక్రాన్ని తెచ్చి చంకన పెట్టుకున్నాడు. పాత లౌడుస్పీకరులోని అయస్కాంతం. కిందపడ్డ మరమేకులు ఏరుకోవడానికి ఉంచుకున్నాడు. "పద, వెనకే వస్తున్నా" అన్నాడు.

కేంద్రం హాల్లో ఆయాలు స్టూళ్ళెక్కి గోడనుంచి గోడకు తాళ్ళు కడుతున్నారు. ఒకామె అప్పుడే బుట్టలో చెయ్యి పెట్టింది.

"ఆగమ్మా! ముట్టుకోకు!" అంటూ ఊలక్క లోపలికొచ్చింది. ఊపిరి తీసుకుని, ఒక్క మాటైనా దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది.

స్టోరు సారు చేతులు చాచాడు. "చెప్పానా! నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానా! గోనెలో పోసి బయట పెట్టించండి టీచర్. మధ్యాహ్నానికి షాపు సరుకు తెప్పిస్తాను."

పెద్ద టీచరు బుట్టవంక చూసింది, ఊలక్క వంక చూసింది. "పిల్లల్ని ఇవాళ పక్క గదిలోనే ఉంచుతాను. సాయంత్రం తల్లులొచ్చే వేళకు హాలు తెరవాలి. అప్పటిదాకా ఈ బుట్ట నీది. దొరక్కపోతే మాత్రం..."

"దొరక్కపోతే గోనె నేనే మోసుకెళ్తాను టీచర్."

ఆయాలు చుట్టూ కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు, అడగలేదు. ఒక్కో బొమ్మనూ మెల్లగా నొక్కి చూడడం మొదలుపెట్టారు. ఒక ముసలి ఆయా, "నీ చిన్నోడు ఇలాగే ఉండేవాడే, ఎక్కడ నొక్కినా మెత్తగా" అంది. అంత దిగుల్లోనూ ఊలక్కకు నవ్వొచ్చింది. కానీ సన్నసూది దూదిలో జారిపోతుంది. అల్లిక బిగువు. వేలికేమీ తగల్లేదు.

బాబాయి వచ్చి అయస్కాంతాన్ని బల్లమీద పెట్టాడు. ఒక్కో బొమ్మనూ దానిపై ఆనించి చూశారు. బొమ్మలన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. పట్టు తెలియలేదు.

"మధ్యలో ఇంత దూదుంటే ఏం తెలుస్తుందయ్యా?" అంటూ స్టోరు సారు దగ్గరకొచ్చి వంగి చూశాడు. నడుముకు వేలాడుతున్న తాళాలగుత్తి ఒక్కసారిగా గాల్లోకి లేచి, టంగుమని చక్రానికి అతుక్కుపోయింది. ఆయన బల్లకు కట్టేసినట్టు వంగి ఉండిపోయాడు. లాగుతున్నాడు, రావడం లేదు. ఆయాలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఊలక్క మాత్రం నవ్వలేదు. ఆ తాళాలనే చూస్తోంది.

"బాబాయ్, అవి ఎందుకు లేచాయి?"

"ఇనుముగదమ్మా."

"ఇనుమే. కానీ వేలాడుతున్నాయి కాబట్టి లేచాయి. పడుకోబెడితే ఎవరు మాత్రం కదులుతారు? బొమ్మల్నీ వేలాడదీద్దాం!"

ఇక చూడాలి ఆ హాలు! ఏ తాళ్ళకు అలంకారంగా కట్టాలనుకున్నారో ఆ తాళ్ళకే కట్టారు. వరస వెనక వరస. బాతులు, బేరిపళ్ళు, మబ్బులు. ఫ్యాన్లు ఆపారు, కిటికీలు మూశారు. బాబాయి స్టూలెక్కి అయస్కాంతాన్ని ఒక్కో బొమ్మ పక్కకీ తెస్తుంటే, వాళ్ళాయన స్టూలును పట్టుకుని నిలబడ్డాడు. ఒకచోట నెలవంక ఊగింది. అందరూ "అదే!" అన్నారు.

"అది నా తుమ్ము" అంది ముసలి ఆయా సిగ్గుపడుతూ.

రెండో వరస అయిపోయింది. మూడో వరసా సగమైంది. ఊలక్క పెదాలు దేవుణ్ణి తలుచుకుంటూ కదులుతున్నాయి. అప్పుడు ఒక పసుపుపచ్చ నత్త, పేరుపెట్టి పిలిచినట్టు మెల్లగా ఇటు తిరిగింది. బాబాయి చక్రాన్ని అవతలికి తీసుకెళ్ళాడు. నత్త అటు తిరిగింది. ఇవతలికి తెచ్చాడు. ఇటు తిరిగింది.

"నన్ను దించండి. కాదు, దాన్ని దించండి!" అన్నాడు బాబాయి.

ఊలక్క చిన్న కత్తెరతో కుట్టు విప్పి, దూది మెల్లగా లాగింది. దూదితో పాటు నల్లదారం కొస వచ్చింది. దారం వెంట సూది వచ్చింది, నిన్న పొద్దున ఆమె ఎక్కించిన దారంతోనే. దాన్ని వెలుగుకేసి పట్టుకుని, "దేవుడా, నా కళ్ళు ఇంకా ఉంచావు" అంది.

దొరికింది కదా అని ఊరుకోనివ్వలేదు. మిగిలిన ప్రతిదాని పక్కకీ చక్రం తిప్పించింది. ఒక్కటీ కదల్లేదు. నత్తలో దూది మళ్ళీ కూరి, మూసి, తన చేత్తోనే కట్టింది. తీరా తలెత్తి చూస్తే అలంకరణ అయిపోయే ఉంది. వెతకడమూ కట్టడమూ ఒకే పని అయింది.

సాయంత్రం తలుపులు తీశారు. కిటికీలు తెరిచేసరికి గాలికి అన్నీ ఒక్కసారి ఊగాయి. పసివాళ్ళు తలలు వెనక్కి వాల్చి నోళ్ళు తెరిచి నిలబడ్డారు. ఒక బుడ్డోడు అలా చూస్తూ చూస్తూ వెనక్కి చతికిలబడి, లేవకుండా అక్కడినుంచే చూశాడు. మిల్లునుంచి జుట్టులో నూలుపీచుతో వచ్చిన తల్లులు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరు చేశారివి?"

"మన మిల్లావిడేనట. దారాలు అతికేదట."

"మన మనిషే!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. దాంతో గుమ్మమంతా చప్పట్లే. వాళ్ళాయన మిగిలిపోయిన రొట్టెలు పంచుతూ, "నా భార్య, నా భార్య" అని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాడు.

జనం పలచబడ్డాక స్టోరు సారు ఊలక్క దగ్గరకొచ్చాడు. తాళాలగుత్తిని ఈసారి జేబులో దాచుకున్నాడు.

"గ్యారంటీ ఎవరని అడిగాను. నువ్వే వచ్చి చెప్పావు. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు" అని గొంతు సవరించుకున్నాడు. "వచ్చే ఏడూ నువ్వే చెయ్యి. ఈసారి నేనేం అడగను. కళ్ళు మూసుకుని తీసుకుంటా."

ఊలక్క సూదిని కొంగు అంచుకు గుచ్చుకుంటూ ఆగి, తలెత్తింది.

"అలా అనకండి సార్. నాకొక్క సాయం చేసిపెట్టండి. బాబాయి ఆ చక్రాన్ని మీ స్టోరుకిస్తానన్నాడు. వచ్చే ఏడు నా బుట్ట రాగానే ఒక్కోదాన్నీ వేలాడదీసి మీరే చూడండి. నా మంచితనం చూసి ఒక్కటి కూడా వదిలేయొద్దు. నా చెయ్యి మంచిదే సార్. కానీ ఎవరైనా పిలిస్తే, ఉన్నది ఉన్నట్టు వదిలేసి లేచి వెళ్ళిపోతుంది."