మేనత్త వాకిలి

తుంగభద్ర ఒడ్డున ఉన్న మా పాత పల్లెను పట్నం ఎప్పుడో కలిపేసుకుంది. గనులు జోరుగా నడిచిన రోజుల్లో, ఖనిజం లారీల కోసం రోడ్డు వెడల్పు చేస్తూ మా మేనత్త వాకిలిని గడప దాకా లాగేసుకున్నారు. అడగనైనా లేదు. ఆమె మాత్రం రోజూ తెల్లారగానే పాత వాకిలంతా, అంటే రోడ్డు నడిమి దాకా, కళ్లాపి చల్లి ముగ్గు వేసేది. నది ఒడ్డున రాతిమంటపం చూడవచ్చినవాళ్లు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు లారీ డ్రైవరు హారన్ కొట్టి కొట్టి దిగాడు.

"రోడ్డులో ముగ్గేందవ్వా?"

"నా వాకిట్లో నీ లారీ ఏందప్పా? అయ్యేదాకా నిలబడు."

నిలబడ్డాడు. వెనక లారీలన్నీ ఆగాయి. ఆమె తొందరపడలేదు. లారీలు రాల్చిన ఎర్రధూళినే గుప్పిట్లోకి తీసుకుని ముగ్గు చుట్టూ అంచు దిద్దింది.

"ఇప్పుడు తొక్కిపో అప్పా. రేపు మళ్లా ఏస్తా."