క్యారేజీలో పెట్టిన చీటీ

కార్తీకమాసం రెండో మంగళవారం, పొద్దున్న పది గంటల పది నిమిషాలు. గోడ గడియారం నా మంచానికి ఎదురుగానే ఉంది. సేవా సంఘం వాళ్ళు నలుగురు ఒక్కసారే మా వసారాలోకి వచ్చారు. ముందు నడుస్తున్న వంటావిడ చేతిలో, నిన్న నేను ఖాళీ క్యారేజీలో పెట్టి పంపిన చీటీ ఉంది. అయిపోయింది, ఇక నాకు మధ్యాహ్నం అన్నం రాదనుకున్నాను.

ముందు జరిగింది చెప్పాలి. విజయవాడకు దిగువన, బందరు కాలవ పక్కన మా ఊరు. సంఘం ఊళ్ళోవాళ్ళే కలిసి పెట్టుకున్నది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు సంఘం డబ్బాలో వేస్తుంది. ఆ బియ్యం సంఘం గదిలో వండి, మంచాన పడ్డవాళ్ళకూ దిక్కులేనివాళ్ళకూ క్యారేజీలు పంపుతారు. నేనూ ఏళ్ళ తరబడి వేశాను, సణుగుతూనే. ఊరికే తినేవాళ్ళకు మనమెందుకు పెట్టాలని నలుగురిలో అన్నదాన్ని.

శ్రావణంలో నాట్లేస్తూ గట్టు మీద జారిపడ్డాను. కాలు రెండుచోట్ల విరిగింది. విజయవాడ ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేసి పంపారు. ఇంట్లో నేనొక్కదాన్నే. మర్నాటి నుంచే క్యారేజీ వచ్చింది. నేనన్న మాట ఎవరూ గుర్తు చేయలేదు. నాకే గుర్తుంది.

తెచ్చేది టైలరు సాయిబు గారి భార్య. మధ్యాహ్నం ఇచ్చి, సాయంత్రం వచ్చి గిన్నెలు తీసుకెళ్ళేది. ఖాళీగానే ఇవ్వాలని సంఘం కట్టడి. కానీ ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడానికి మా వైపు ఏ ఆడదానికి చేతులొస్తాయి? మంచం పక్కన చేతికందే కరివేపాకు మొక్క నుంచి నాలుగు రెబ్బలు తుంచి పెట్టేదాన్ని. పది రోజులకు మొక్క మోడైంది. పదకొండో రోజు క్యారేజీ పుచ్చుకోలేదు.

"ఏమైందక్కా? కూర నచ్చలేదా?"

"పెట్టడానికి నా దగ్గరేం లేదు. ఖాళీది నేనివ్వను. తీసుకుపో."

"అబ్బో, మహారాణీగారు! తిండి మానేస్తే కాలు అతుక్కుంటదా?"

ఆమె నా మంచం పక్కనే చతికిలబడింది. కొంగు ముడిలోంచి, గుడ్డ మీద కొలతలు గీసే సుద్దముక్క తీసి గచ్చు మీద 'అ' రాసింది.

"ఇది దిద్దు. కాయితం, పెన్సిలు నేను తెస్తా, రాసి క్యారేజీలో పెట్టు. అప్పుడది ఖాళీ కాదుగా."

"ఈ వయసులో నాకు బడేంటే?"

"అన్నం కావాలా, వద్దా?"

కావాలి. కడుపు కాలిపోతోంది. మంచం మీంచే వంగి దిద్దాను.

ఆ రోజు నుంచి రోజుకొక అక్షరం వెళ్ళింది. తర్వాత గుణింతాలు, తర్వాత చిన్న చిన్న మాటలు. కార్తీకం వచ్చింది. రెండో సోమవారం నాడు వచ్చిన పప్పు నోట్లో పెట్టుకోలేకపోయాను. నీళ్ళు పోసుకుని ఎలాగో తిన్నాను. ఎవరినీ అడక్కుండా, కూడబలుక్కుని చీటీ రాశాను: పప్పులో ఉప్పు ఎక్కువ. జన్మలో నేను సొంతంగా రాసిన మొదటి వాక్యం అదే. రాస్తున్నంతసేపూ గర్వంగా ఉంది. క్యారేజీ వీధి మలుపు తిరిగాక భయం పట్టుకుంది. పెట్టే చేతికి వంక పెట్టానే అని.

ఆ మర్నాడే ఈ నలుగురూ వచ్చారు.

"ఇది రాసింది నువ్వేనా?" అంది వంటావిడ.

"నేనే. మానేస్తే మానెయ్యండి. ఉప్పు మాత్రం ఎక్కువే."

ఆవిడ తనతో వంట చేసే పాస్టరు గారి భార్య వైపు తిరిగింది. "విన్నారా? సోమవారం నాకు ఉపవాసం. రుచి చూడకుండానే ఉప్పేశాను."

"అయ్యో, మీరు వేశారా? ఉపవాసం నీరసంలో మర్చిపోయుంటారని నేనూ వేశానండీ!"

"ఇద్దరూ కలిసి జనం చేత బందరు సముద్రం తాగించారు," అంది టైలరు గారి భార్య.

వంటావిడ నవ్వలేదు. "పన్నెండిళ్ళకు వెళ్ళిందే ఆ పప్పు! బీపీ ఉన్నవాళ్ళున్నారు. మూడేళ్ళుగా వండుతున్నా. బాగుందమ్మా, బాగుందమ్మా అనడమే గానీ ఒక్కరూ నిజం చెప్పలేదు. ఊరికే పెడుతున్నారని నోరు కుట్టుకుని తింటున్నారు."

సంఘం పెద్ద, రిటైరైన పోస్టుమాను, అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. "నీకు నోరెక్కువని ఊరంతా అనుకునేవాళ్ళం. ఆ నోటితోనే ఇప్పుడు పని పడింది. రోజూ రుచెలా ఉందో రాసి పంపు."

"తిట్టి పంపితే?"

"తిట్టు. రాసి తిట్టు."

క్యారేజీ ఆగలేదు. నేను పంపేదీ ఖాళీగా వెళ్ళలేదు. కాలు అతుక్కున్నాక సోమవారాలు నేనే సంఘం గదికి వెళ్ళి రుచి చూసేదాన్ని. అక్కడ గోడ మీద నా చీటీలన్నీ, మొదటి 'అ' నుంచి, అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి. నేను రుణపడింది అన్నానికి మాత్రమే అనుకునేదాన్ని. ఆ గోడ చూశాక, ఊడొస్తున్న 'అ'ను ఇంకో మెతుకు పెట్టి అదిమాను.

ఆ మంగళవారం మా వసారాలో ఉన్నవాళ్ళు: వంటావిడ, పాస్టరు గారి భార్య, టైలరు సాయిబు గారి భార్య, రిటైరైన పోస్టుమాను, కట్టుకాలు చాపుకుని మంచం మీద నేను.