తువ్వాలలో పెరిగిన పిల్ల

మా ప్రొద్దుటూరులో బంగారానికి తరుగు తీసినట్టు నా మాటకూ తరుగు తీసి వింటారు. పెన్నలో మోకాటి లోతు నీళ్లు పారాయని నేను చెబితే, వినేవాడు పాదాలు తడిసి ఉంటాయిలే అనుకుంటాడు. మీకూ ఆ అలవాటుంటే ఈ ఒక్కదానికి మానుకోండి. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలపడానికి ధైర్యం చాలలేదు.

నాది కూలర్లు బాగుచేసే అంగడి. ఒక ఎండాకాలం బంగారు అంగడి శెట్టి ఇంట్లో కూలరు మోటారు అదేపనిగా రొద చేస్తోందంటే పోయాను. మోటారు శుభ్రంగా ఉంది. రొద చేస్తున్నది దాని ముందు నాపబండల మీద నాలుగు కాళ్లూ చాపుకుని పడుకున్న బుల్‌డాగు. గురక పెడుతోంది. కడుపుతో ఉంది.

"మామా, ముచ్చటపడి బెంగళూరు నుంచి తెప్పించినా," అన్నాడు శెట్టి. "దీని గురకకు మా ఇంట్లో ఎవురికీ నిద్ర ల్యా. ఇంగ ఈత గూడా అంటే డాక్టర్ల చుట్టూ తిరగను నాతో కాదు. నీకు కూలర్లకు కరువా? తీసకపో. ఈనినాక నాకొక పిల్లనియ్యి, సాలు."

అట్లా ఆ కుక్క ఆటోలో మా ఇంటికి వచ్చింది. మా ఇంటామె గుమ్మంలోనే నిలబడి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "మొగం జూస్తే మీ పెద్దనాయన మాదిరే ఉండాది. సరే, రానీ," అంది.

ఈ జాతి పిల్లలకు తలలు మరీ పెద్దవి. కోత పెడితే తప్ప సాధారణంగా బయటికి రావు. పశువుల డాక్టరు ఆపరేషను చేసి నాలుగు పిల్లల్ని ప్రాణాలతో తీశాడు. ఐదోది కదల్లేదు. రుద్దాడు, నోట్లో ఊదాడు, తల కిందికి వంచి ఊపి చూశాడు. చివరికి నా భుజం మీది పసుపు తువ్వాల అడిగి, అందులో చుట్టి నా చేతికిచ్చాడు. పెరట్లో గుంత తవ్వి పూడ్చాను. తువ్వాల మాత్రం పూడ్చలేదు. మంచి గుడ్డ మట్టిలో కలపడమెందుకని మా ఇంటామె వెనక్కి తీసుకుని దండెం మీద పడేసింది.

అసలు కష్టం తల్లికి మత్తు దిగాక మొదలైంది. ఆమె లెక్కలో ఆమె ఈననే లేదు. నిద్రపోయి లేచింది, లేచేసరికి పక్కలో ఎవరివో పిల్లలు. ఒకదాన్ని చన్ను దగ్గర పెడితే గుర్రుమంది. ఇంకోదాని చెవి అందుకోబోయింది, నేను చెయ్యి అడ్డం పెట్టబట్టి సరిపోయింది. మొదటి పాలు పడకపోతే పిల్లలు నిలవవని డాక్టరు చెప్పి ఉన్నాడు. దూది వత్తితో పోతపాలు పిండుతుంటే సగం ముక్కులోకి పోతున్నాయి. పిల్లల ఒళ్లు చల్లబడుతోంది.

అప్పుడు దిగింది మా అత్త. జమ్మలమడుగు దాటాక గండికోట దారిలో పల్లె ఆమెది. పుట్టిన దగ్గర్నుంచీ గొర్రెల మధ్యనే బతికిన మనిషి. సంచి కింద పెట్టకముందే, "ఏందప్పా, కుక్కకు గూడా కానుపు ఆపరేషనా? మాకే ల్యాకపాయ!" అంది. పిల్లల్ని పడుకోబెట్టిన చెక్కపెట్టెలోకి తొంగి చూసి నవ్వు ఆపేసింది.

"సచ్చిన పిల్లను సుట్టిన గుడ్డ యాడ?"

మందలో గొర్రెపిల్ల చచ్చిపోతే దాని తోలు ఒలిచి, తల్లి లేని ఇంకో పిల్లకు తొడుగుతారు. చచ్చిన పిల్ల వాసన చూసి గొర్రె మోసపోయి చన్నిస్తుంది. మా తాతల నుంచీ ఉన్న పద్ధతే గానీ టౌనులో పుట్టిన నేను కళ్లతో చూడలేదు. దండెం మీది తువ్వాల ఇంకా ఉతకలేదు, ఉమ్మనీరు ఆరి అట్టకట్టి ఉంది. మా అత్త దాన్ని కొంచెం తడిపి, ఒక పిల్లకు చుట్టి తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

కుక్క చాలాసేపు వాసన చూసింది. తర్వాత తల వాల్చి పక్కకు ఒరిగింది. పిల్ల చన్ను పట్టుకుంది. ఆ పిల్ల మీది నుంచి తీసి రెండోదానికి, ఆ తర్వాత మూడోదానికి, నాలుగోదానికి, అదే తువ్వాల. నాలుగూ చేరాయి. మాకు ప్రాణం లేచొచ్చింది.

ఊరికి పోతూ మా అత్త ఒకే మాట చెప్పింది. "పిల్లలు కుదురుకుంటానే ఆ గుడ్డ తీసకపోయి నీళ్లు పారే వంక అవతల పారెయ్యండి. ఇంట్లో పెట్టుకోవాకండి."

"తోలైతే కుళ్తాది, పారేస్తారు. గుడ్డకేమంట?" అంది మా ఇంటామె, ఆమె బస్సెక్కాక. నాకూ అది సబబుగానే తోచింది. సబ్బు పెట్టి ఉతికి, మెత్తగా ఉంటుందని మడిచి పెట్టెలో ఒక మూలన వేసింది.

పిల్లల పనిలో పడి మేం తువ్వాల సంగతే మరిచిపోయాం. ఈ తల్లి మొద్దుగా ఎక్కడ కూలబడితే అక్కడే కూలబడుతుంది, కింద పిల్ల ఉన్నా తెలియదు. అందుకని పెట్టె లోపల చుట్టూ చెక్క బద్ద కొట్టాను, ఒరిగినా పిల్ల నలగకుండా బద్ద కింద సందు ఉండేట్టు. ముఖం మడతల్లో చెమ్మ నిలవకుండా దూదితో తుడవాలి. కూలరు గాలి తల్లికి కావాలి, పిల్లలకు పనికిరాదు. పెట్టెకు ఒక పక్క కూలరు, ఇంకో పక్క దుప్పటి అడ్డం పెట్టుకుని నేను ఒక్క ఇంట్లో రెండు కాలాలు నడిపాను. కళ్లు తెరిచాక అవి చెప్పుల మీద పడ్డాయి. కుర్చీ కాళ్లు, చీపురు, నా ఫోను చార్జరు, ఏదీ వదల్లేదు.

తువ్వాల జోలికి మాత్రం ఒక్కటీ పోలేదు. పెట్టెలో కొట్లాడుకుంటూ దొర్లుతూ ఆ మూలకు రాగానే ఆగి, చుట్టూ తిరిగి పోయేవి, అక్కడ ఎవరో పడుకుని ఉన్నట్టు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మే నెల ఎండకు వీధిలో కాకి కూడా లేదు. కూలరు ఆగేసరికి ఇంట్లో గురకలు మాత్రం మిగిలాయి. వాటిని విడదీసి వినడం నాకొక ఆట. తల్లిది ఇసుక లారీ. పెద్ద మగపిల్లది ఈల. గోధుమరంగుది ప్రెషరు కుక్కరు. మిగతా రెండూ ఒకదాని వెనుక ఒకటి. వాటి వెనుక ఇంకొకటి వినబడింది. సన్నగా, కొత్తగా ఊపిరి నేర్చుకుంటున్నట్టు. లేచి చూశాను. పిల్లలన్నీ దుప్పటి వైపు కుప్పగా పడున్నాయి. తల్లి తువ్వాలను పొట్టకు హత్తుకుని, దాన్ని నాకుతోంది.

మా ఇంటామెను పిలిచాను.

"దాని మూలుగే నీకట్ల వినపడింటాది. నీ సోది శెట్టికి చెప్పుపో," అంది. అని, తువ్వాల తీసింది. మధ్యలో గుండ్రంగా గుంట పడి ఉంది, పిల్ల ముడుచుకుని పడుకుని లేచినట్టు. తాకి చూడమని నా చేతికిచ్చింది. వెచ్చగా ఉంది.

"దాని కడుపు కింద ఉంటే వెచ్చగుండదా?" అన్నాను, ఈసారి నేనే.

ఆమె దులిపి, చదునుగా మడిచి పెట్టింది. సాయంత్రానికి మళ్లీ గుంట. రోజూ అంతే. పిల్లలు పెరుగుతున్నాయి. గుంట కూడా పెరుగుతోంది. ఆ మాట నేను పైకి అనలేదు. ఒకనాడు మా ఇంటామె పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి, "మొదట్ల పిడికిలంత ఉండె," అంది. పాడు గుడ్డ పారేద్దామని ఇద్దరికీ ఉంది. చేత్తో పట్టుకుని పోయే ధైర్యం ఇద్దరికీ లేదు.

పిల్లలు పోయే వేళ వచ్చింది. శెట్టి వచ్చి పెద్ద మగపిల్లను తీసుకుని, "ఇది గురక పెట్టదు గదా మామా?" అన్నాడు. "పెట్టదప్పా, భజన చేస్తాది," అన్నాను. జమ్మలమడుగు నుంచి ఒక టీచరమ్మ వచ్చి రెండింటిని ఒళ్లో పెట్టుకుని కారులో పోయింది. చివరిదాన్ని, గోధుమరంగుదాన్ని, పులివెందులలో కాపురముండే ఒకాయన వచ్చి తీసుకున్నాడు. తుమ్మలపల్లె గనిలో పని ఆయనకు. ఎవరు వచ్చినా మా పద్ధతి ఒకటే. వాళ్ల చెయ్యి తల్లికి వాసన చూపించడం, "మా ఇంటికి తీసకపోతాం" అని తల్లితో చెప్పించడం, ఆ తర్వాతే పిల్లను ఇవ్వడం. తల్లి ఎవరికీ అడ్డు చెప్పలేదు. పిల్ల గడప దాటిన ప్రతిసారీ తువ్వాలను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

నాలుగూ పోయాక తిండి మానేసింది. చన్నుల్లో పాలు గడ్డకట్టాయి. ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు సూది వేసి, "ఆ గుడ్డ తీసేయప్పా. దానికోసమే పాలు దిగతాండాయి. ఈ ఎండకు ఇట్లనే ఉంటే బతకదు," అన్నాడు.

తువ్వాల తీసి బీరువాలో పెట్టాను. కరవలేదు, అరవలేదు. లేచి వచ్చి బీరువా ముందు కూర్చుంది. నీళ్లు కూడా ముట్టలేదు. నాలుక నల్లబడుతుంటే చూడలేక తీసి ఇచ్చేశాను.

అత్తకు ఫోను చేశాను.

"వంక దాటించల్యా?" అంది. "టౌనోళ్లు మీరు. ఇంగ పారేస్తే కాదు నాయనా, పెంచుకునింది అది. తక్కినోటిని యట్ల పంపితిరి? దాన్నీ అట్లనే పంపాల. ఎవురన్నా వచ్చి, కావాలని అడిగి తీసకపోవాల."

గుడ్డను పెంపకానికి అడగడానికి ఎవరొస్తారు? శెట్టికి చెబితే పడీ పడీ నవ్వి, "మామా, ఇది మాత్రం నీ కథలన్నిట్లో పైది," అని ఫోను పెట్టేశాడు. స్నేహితులకు చెప్పాను, ఎవరి తరుగు వాళ్లు తీసుకున్నారు. ఇన్నేళ్లలో నా మాటను నమ్మమని నేను బతిమాలింది అప్పుడే.

మరుసటి పొద్దున పులివెందుల ఆయనే ఫోను చేశాడు.

"అన్నా, ఏమనుకోవద్దు. మీ పిల్ల మా ఇంట్లో సగం బువ్వ తిని సగం వదిలిపెడతాంది. పండుకునేటప్పుడు పక్కన కొంచెం తావు ఇడిచి పండుకుంటాంది. మా ఆడామె అంటాంది, దీనికి తోడు ఇంగొకటి ఉండాదేమో అడుగు అని. ఉండాదా?"

నేను అతనికి ఒక్క ముక్క కూడా చెప్పి ఉండలేదు. "ఉండాది, రాండప్పా," అన్నాను. జరిగిందంతా చెప్పాను. చెబుతూ, ఇతనూ నవ్వుతాడని ఎదురుచూశాను. చివరిదాకా విన్నాడు. తర్వాత, "బయలుదేరతాండాం," అన్నాడు.

పదింటికల్లా మొగుడూ పెళ్లామూ బండి మీద వచ్చారు. ఆమె నేరుగా పెట్టె దగ్గర కూర్చుని, చెయ్యి కుక్క ముక్కు దగ్గర పెట్టింది. "మా ఇంటికి తీసకపోతాం తల్లీ. నీ బిడ్డ ఆడుండాది గదా, దాని పక్కనే పెట్టుకుంటాం," అంది. కుక్క వాసన చూసింది. మొదటిసారి తువ్వాల వాసన చూసినంతసేపు చూసింది. తర్వాత ముందరి కాలు తువ్వాల మీది నుంచి తీసింది.

ఆమె రెండు చేతులూ కిందికి పోనిచ్చి ఎత్తింది. బుల్‌డాగు పిల్లను అట్లాగే ఎత్తాలి, తల బరువు గనక ఒక చెయ్యి రొమ్ము కింద ఉండాలి. తువ్వాల కొసలు రెండూ కిందికి వేలాడాయి. నడుమ మాత్రం వేలాడలేదు. ఆమె చేతులు కొంచెం కిందికి దిగి, మళ్లీ లేచాయి.

"ఆడదా, మగదా?" అని అడిగాడు ఆయన.

"పెన్న వంతెన దాటేదాక యాడా నిలపద్దండి," అంది మా ఇంటామె.

ఏ పిల్ల పోయినా పెట్టెలోంచి కదలని కుక్క అప్పుడు లేచి, తూలుతూ గేటు దాకా వచ్చింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడింది. వెనక్కి వచ్చి గిన్నెడు నీళ్లు తాగింది. మా ఇంటామె చల్లారిన సంగటి పాలల్లో పిసికి పెడితే, మొదట నాకి చూసి, తర్వాత గిన్నె నాపబండల మీద జరిగిపోతుంటే దాని వెంటే పోతూ తిన్నది. నాలుగు రోజుల్లో గడ్డలు కరిగాయి. గురక మళ్లీ వీధికి వినబడింది.

పులివెందుల ఆయన అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. గనిలో షిఫ్టుల గురించి, ఎండల గురించి మాట్లాడుకుంటాం. కుక్కపిల్ల ఎట్లుందని నేను అడుగుతాను.

"రెండూ బాగుండాయన్నా. బువ్వ మిగల్చడంల్యా," అంటాడు.

ఇంకెవరైనా అయితే నేను పది ప్రశ్నలు వేసి, ఆ జవాబులతో ఊరికి నెల రోజులు సరిపోయే కథ అల్లేవాణ్ణి. ఆయన్ను మాత్రం ఇంకేమీ అడగను. మంచిదప్పా అని ఫోను పెట్టేస్తాను.