సారీ సార్ అనకుండా

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఒక పెద్ద దవాఖానలో, మానసిక రోగులైన ఆడవాళ్ల వార్డులో నేను స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. సుబేదారిలో ఒక గది అద్దెకు తీసుకొని ఉండేదాన్ని. మా నాన్న మగ్గం నేసేవాడు. పెద్దవాళ్లు కోప్పడితే తల వంచుకోవడమే మా ఇంట్లో మర్యాద. నర్సింగ్ ట్రైనింగులోనూ అదే నేర్పారు. డాక్టరు వస్తే లేచి నిలబడాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి.

మా వార్డుకు హసన్‌పర్తి నుంచి ఒకామెను తీసుకొచ్చారు. నలభై ఏళ్లుంటాయేమో. కూతురు చనిపోయాక మాట్లాడటం, తినడం రెండూ మానేసి, గోడవైపు తిరిగి పడుకునేది. నేను రోజూ పెరుగన్నం గిన్నెతో ఆమె పక్కన స్టూలు వేసుకొని కూర్చునేదాన్ని. తినమని బతిమాలేదాన్ని కాదు. మా వాడకట్టు సంగతులేవో చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఇటు తిరిగింది. ఆ తర్వాత ఒక ముద్ద, రెండు ముద్దలు తినసాగింది. నన్ను ‘సెల్లె’ అని పిలిచేది.

ఒకరోజు పొద్దున రౌండ్స్‌లో డాక్టరుగారు ఆమె రక్తపరీక్ష రిపోర్టు అడిగారు. అది ఇంకా రాలేదు. ల్యాబ్‌లో మిషన్ చెడిపోయింది. ఆ మాట చెప్పబోయేలోపే ఆయన గొంతు వార్డంతా మోగింది.

“అడిగింది ఒక్కటీ ఉండదు! ఇక్కడికి పని చేయడానికి వస్తున్నారా, కబుర్లు చెప్పడానికి వస్తున్నారా?”

“సారీ సార్,” అన్నాను. తప్పు నాది కాదు. అయినా ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

మధ్యాహ్నం గిన్నె పట్టుకొని వెళ్తే ఆమె మళ్లీ గోడవైపు తిరిగి ఉంది.

“ఏమైందక్కా?”

“నా వల్లనే గదా సెల్లె, నీకు మాటలు పడ్డయి. ఇగ నా తాన కూసోకు.”

అప్పటిదాకా, తిట్లు తిన్నది నేను, దిగమింగాల్సింది నేను అనుకున్నాను. నేను ఊరుకుంటే ఆ మాటలు ఆమెకూ తగులుతాయని నాకు తట్టలేదు.

మా వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ను మేమంతా అక్కా అనేవాళ్లం. ఎప్పుడూ గొంతు పెంచేది కాదు, ఎవరికీ భయపడేదీ కాదు. ఆమెకు సంగతి చెప్పి, డాక్టరుగారితో మాట్లాడాలనుంది కానీ ఎలాగో తెలియడం లేదన్నాను. నన్ను దుప్పట్ల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

“నేనే డాక్టరు అనుకో. చెప్పు.”

“సార్, ఏమనుకోకుండ్రి, నాదే తప్పు కావచ్చు గని...”

“ఆగు. నీది కాని తప్పు నెత్తికెందుకు ఎత్తుకుంటున్నవ్?”

రెండోసారి నాకు రోషం వచ్చింది. “అందరి ముందట నన్ను గట్ల అనుడు మీకు మంచిగున్నదా?”

“గిది కొట్లాట. ఆయన గూడ కొట్లాటకే దిగుతడు. ఏమైందో చెప్పు. దాంతోని పేషెంటుకు ఏమైందో చెప్పు. నీకేం కావాల్నో అడుగు. ఇగ ఊకో. ఊకునుడు గూడ రావాలె.”

డాక్టరుగారిలా కనుబొమలు ముడిచి ఆమె నాచేత మళ్లీ మళ్లీ చెప్పించింది. నాకు నవ్వొచ్చింది.

ఓపీ అయ్యాక ఆయన గదిలోకి వెళ్లాను.

“సార్, పొద్దున వార్డుల నన్ను అందరి ముందట కోప్పడ్డరు. తన వల్లనే నాకు మాటలు పడ్డయని ఆ పేషెంట్ అన్నం ముట్టలేదు. నా పనిల తప్పుంటే ఇట్ల గదిలకు పిలిచి చెప్పుండ్రి.”

“అంటే, రిపోర్టు అడగొద్దంటావా?”

సారీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“అడుగుండ్రి సార్. మిషన్ చెడిపోయిందని చెప్పేదాన్ని. పేషెంట్ల ముందట కోప్పడొద్దు అంటున్న, అంతే.”

ఆయన చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టారు. నాకు ఇంకేదో ఒకటి అనేసి బయటపడాలనిపించింది. చెప్పాక ఊరుకోమన్న అక్క మాట గుర్తొచ్చి అలాగే నిలబడ్డాను.

“ఆమె ఏమీ తినలేదా?” అన్నారు చివరికి.

“లేదు సార్.”

లేచి వార్డుకు వచ్చారు. నేను రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు.

“సిస్టర్ తప్పేం లేదమ్మా. నీదీ లేదు. నేనే తొందరపడ్డాను,” అన్నారు.

ఆమె ఇటు తిరగలేదు. మర్నాడు కాసిన్ని పాలు తాగింది. మళ్లీ అన్నం దాకా రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో దుప్పట్ల గది సంగతి, డాక్టరుగారితో నేను అన్న మాటలు కూడా ఆమె పక్కన కూర్చొని చెప్పాను.

డాక్టరుగారు ఆ తర్వాత కూడా అరిచారు, కాకపోతే తక్కువసార్లు. అరిచినప్పుడల్లా నేను ఆయన గదికి వెళ్లాను. అక్క దుప్పట్ల గదిలో మిగతా నర్సులకూ అలాగే నేర్పింది. అందరికీ కలిసిరాలేదు. ఇంకో డాక్టరుతో అలా మాట్లాడిన ఒకమ్మాయిని వేరే వార్డుకు మార్చారు. అక్క సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి అడిగినా ఫలితం లేకపోయింది. ఆ అమ్మాయి మాత్రం, చెప్పినందుకు తనకు బాధ లేదంది.

హసన్‌పర్తి ఆమె డిశ్చార్జి అయినప్పుడు మెట్ల దాకా వెళ్లాను. ముందు నడుస్తున్న భర్త వెనక్కి తిరిగి కేకేశాడు.

“జల్ది నడువ్, బస్సు పోతది!”

ఆమె ఆగింది. “మెల్లగ చెప్పు. నాకు ఇనపడ్తది.”

అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత వెనక్కి వచ్చి ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.